మొదటి ముద్ద

“ఒంటిగంట,” అన్నాడు నరసింహప్ప. “ఒంటిగంటకు నేను బువ్వ తింటా. ఆలోపల నువ్వు కుక్కలను చంపినోని పేరు చెప్పల్ల. చెప్పలేదా, ఆ కొట్టుగది తాళంచెవి మావోళ్ళ చేతిలో పెడతా. తర్వాత నన్నడగొద్దు.”

మావోళ్ళంటే వసారాలో వరసగా కూచున్న తమ్ముళ్ళ కొడుకులు నలుగురు. పొద్దుట్నుంచీ వాళ్ళు ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళది మాట్లాడే పని కాదు.

కొట్టుగదిలో ఉన్నది వెంకటరాముడు. పదకొండేళ్ళుగా ఈ ఇంటి కుక్కలను సాకిన మనిషి. నిన్న మధ్యాహ్నం మూడు కుక్కలు అతని కళ్ళముందే గిలగిల కొట్టుకుని చచ్చాయి. సాయంత్రానికల్లా అతని చేతులు కట్టేసి శనక్కాయల బస్తాల మధ్య పడేశారు.

డిటెక్టివ్ వనజాక్షి వాచీ చూసుకుంది. పదకొండూ ఇరవై.

“కేసు చూడమని పిలిపించినారు, వచ్చినా,” అంది. “ఒక మనిషి ప్రాణానికి టైము పెట్టి ఆ గడియారం నా మెడకు కడితే ఎట్లప్పా? నేను పోతా. పోలీసోళ్ళకు చెప్పుకోండి.”

“పో,” అన్నాడు నరసింహప్ప నవ్వకుండా. “గేటు తీస్తే పో.”

తీయరని ఆమెకు అర్థమైంది. తనకల్లు దాటి ఆరు కిలోమీటర్లు లోపలికి వస్తే తగిలే ఒంటరి ఇల్లు ఇది. చుట్టూ పన్నెండడుగుల గోడ, దానిమీద గాజుపెంకులు, ముందు మూడు వేళ్ళ మందాన ఇనుప గేటు. గొడవల్లో తమ్ముడు పోయాక నరసింహప్ప కట్టుకున్న కోట. పదకొండేళ్ళలో అతను గోడ దాటింది ఓటు వేయడానికి మాత్రమే. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఒక లెక్కుంది: ముందు కుక్క పోతుంది, తర్వాత మనిషి పోతాడు. అందుకే నిన్న కుక్కలు పడిపోయిన దగ్గర్నుంచీ గేటుకు తాళం పడింది. పశువుల డాక్టరును కూడా బయటే నిలబెట్టి వెనక్కి పంపారు. కళేబరాలను కోసి చూసే దిక్కు లేకుండానే గుంత తీసి పూడ్చేశారు.

పెద్దాయన భార్య భద్రమ్మ ఫోన్ చేసి ఏడిస్తే వచ్చింది వనజాక్షి. వచ్చాక తెలిసింది, కొట్టుగదిలో వాడికీ తనకూ తేడా చేతికున్న తాడొక్కటేనని.

“సరే,” అంది. “ముందు కుక్కల కొట్టం చూపించండి.”

కొట్టం దగ్గర హరినాథ్ ఆమెకోసమే కాచుకుని ఉన్నాడు. ఒకప్పుడు వనజాక్షి ఏఎస్సైగా పనిచేసిన స్టేషన్‌కు అతను సీఐ. రిటైరయ్యాక సెక్యూరిటీ కంపెనీ పెట్టాడు. ఈ ఇంటి కాపలా కాంట్రాక్టు అతనిదే. కుక్కలు చస్తే పోయేది అతని పరువే.

“కేసు అయిపోయిందమ్మా వనజాక్షీ. కాఫీ తాగి నీడన కూచో.”

“అయిపోయిన కేసుకు నన్నెందుకు పిలిచినారు సార్?”

“పెద్దమ్మకు మనసు ఒప్పలేదంట. ఆడమనిషి వచ్చి చెప్తే ఒప్పుతుందేమో.” హరినాథ్ ఒక ప్లాస్టిక్ డబ్బా ఎత్తి చూపించాడు. కాల్షియం పొడి. “పొద్దున ఎనిమిదికి కుక్కలకు తిండి. తిండిలో కలిపింది ఇది. మూడు దినాల ముందు వెంకటరాముడే కదిరికి పోయి కొనుక్కొచ్చినాడు. వాని చెల్లెల్ని ఇచ్చింది ఎదుటి వర్గం ఊర్లో. ఈ వారంలో ఆ ఊరికి వాడు చేసిన ఫోన్లు ఏడు.”

“చెల్లెలికి ఫోన్ చేయడం నేరమా సార్?”

“ఈ ఇంట్లో నేరమే. ఇంకోటి చెప్తా విను. ఈ కుక్కలు పరాయి చేత్తో పెడితే తినవు. కింద పడింది ముట్టవు. అట్ల నేర్పించినారు. వాడొక్కని చేతిలోనే తింటాయి. ఇంక వేరేవాళ్ళు ఎట్ల పెడతారు?”

మాట గట్టిగానే ఉంది. వనజాక్షి కొట్టంలోకి అడుగుపెట్టింది. ఫినాయిలు వాసన గుప్పుమంది. బండలు అద్దంలా మెరుస్తున్నాయి.

“కడిగించినారా?”

“కంపు కొట్టదా మరి?”

“మీరు స్టేషన్లో ఉన్నప్పుడూ ఇంతే సార్. ముందు కడిగిస్తారు, తర్వాత ఆధారం దొరకలేదంటారు.”

హరినాథ్ ముఖం గంటుపెట్టుకుంది. అంతలో గోడ అవతలి గూట్లోంచి గుర్రుమని శబ్దం. వనజాక్షి తొంగిచూసింది. గోధుమరంగు ఆడకుక్క, నుదుట తెల్లమచ్చ. దాని ముందు కడగని గిన్నె. దగ్గరికి పోవడానికి హరినాథ్ మనుషులకు ధైర్యం చాలలేదన్నమాట. గిన్నె అంచుకు ఎండిన రాగిసంగటి, క్యారెట్ ముక్క, తెల్లటి పొడి.

“ఇదేంది సార్? నాలుగో కుక్క ఉండాదని చెప్పలేదే?”

“చుక్కి. ఎదకొచ్చిందని వారం నుంచి వేరేగా కట్టేసినారు.”

“నిన్నటి గిన్నేనా ఇది?”

“ఆ.”

“అదే సంగటి, అదే పొడి. ఇది చావలేదే?”

“దానికి వాడు పొడి తక్కువ వేసుంటాడు.”

“పోనీ, తక్కువే వేసినాడనుకోండి. ఎనిమిదికి తిన్న విషం మధ్యాహ్నం ఒంటిగంట దాకా మూడు కుక్కల కడుపుల్లో కూచుని, పది నిమిషాల తేడాతో మూడింటినీ పడగొట్టిందా? బస్సు టైము చూసుకుని ఎక్కినట్లుంది సార్ మీ విషం.”

వెనక ఎవరో నవ్వారు. తెల్లచొక్కా, చేతిలో కారు తాళాలు. నరసింహప్ప అల్లుడు రాఘవేంద్ర. కదిరిలో పెంపుడు జంతువుల తిండి, మందులు అమ్మే షాపు అతనిది. పొద్దున తొమ్మిదికి వచ్చాడు. ఇంటి అల్లుడు కాబట్టి అతనికి అడగకుండానే గేటు తెరుచుకుంది.

“అక్క అడిగింది సబబే సార్,” అన్నాడు. “నాలుగింటికీ ఒకటే తిండి. చార్టు రాసింది నేనే. చూడండక్కా.”

గోడకు ప్లాస్టిక్ అంటించిన కాగితం వేలాడుతోంది. ఎడమవైపు పెట్టవలసినవి, కుడివైపు పెట్టకూడనివి. చేతిరాత ముత్యాల్లా ఉంది.

“నేను ఈ ఇంటికి అల్లుడై వచ్చేనాటికి వీటికి ఊరగాయ కలిసిన అన్నం, మిగిలిన చారు, బొమికలు. బొచ్చు రాలిపోయి గజ్జి పట్టి ఉండేవి. ఉప్పు లేని రాగిసంగటి, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, గుమ్మడికాయ, క్యారెట్ పెట్టమన్నా. పైన దినానికొక చేపనూనె మాత్ర. ఆరు నెలల్లో అద్దం మాదిరి అయినాయి. పొడులు మాత్రం వద్దన్నా. మాంసం, గుడ్డు తినే పెద్దకుక్కకు కాల్షియం ఎందుకక్కా? కిడ్నీల మీద బరువు. డబ్బా మీద బొమ్మ బాగుంటే చాలు, మనోళ్ళు కొంటారు. వెంకటరాముడు నా మాట వినకుండా కొన్నాడు. ఎందుకు కొన్నాడో మరి.”

చక్కగా చెప్పాడు. చెప్పినదంతా నిజమేననిపించింది. చివరి మాట మాత్రం కొట్టుగది వైపు గురిపెట్టినట్టుంది.

“పెట్టకూడనివి?”

“అదిగో రాసినా కదా. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ద్రాక్ష, చాక్లెట్, మామిడి టెంకె... తొమ్మిది.”

“తొమ్మిదేనా?”

“తొమ్మిదే.”

రాఘవేంద్ర ఇంట్లోకి వెళ్ళాక వనజాక్షి చార్టు అంచుల వెంట వేలు పోనిచ్చింది. మూడు పక్కల ప్లాస్టిక్ అతుక్కుని గట్టిగా ఉంది. కింది పక్క మాత్రం పొరలు విడిపోయి దుమ్ము దూరింది. కత్తెర పడిన అంచు.

ఆ మాట హరినాథ్‌తో అనలేదు. మోకాళ్ళమీద కూచుని నీళ్ళతొట్టి కిందికి తల పెట్టింది. పైపు నీళ్ళు అందని మూల అది. అక్కడ అరచేయంత మేర ఎండిన కక్కు. పసుప్పచ్చగా, మెత్తగా రుబ్బిన శనగపప్పు, బొబ్బట్లలో పెట్టే పూర్ణం లాంటిది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఫినాయిలు మీదుగా యాలకుల వాసన వచ్చింది.

“సార్,” అంది లేస్తూ, “ఈ కుక్కలు ఓళిగలు తిన్నాయి. చార్టులో యాడుండాది ఓళిగ?”

కొట్టుగది రేకుల కప్పు కింద గాలి ఆడటం లేదు. శనక్కాయల దుమ్ము గొంతులో పడి వనజాక్షికి దగ్గొచ్చింది. వెంకటరాముడు బస్తాకు ఆనుకుని కూచున్నాడు. మణికట్ల దగ్గర తాడు కోసుకుపోయి ఉంది. హరినాథ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“అన్నా, నేను వనజాక్షి. అడిగిందానికి మాత్రం చెప్పు. కుక్కలకు ఓళిగ ఎవరు పెట్టినారు?”

“నేనే పెట్టినా.”

“చూసినావా!” అన్నాడు హరినాథ్.

“రవ్వంత ఆగండి సార్. ఎందుకు పెట్టినావన్నా?”

వెంకటరాముడు తలెత్తాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి. “అది ఈ ఇంటి వాడికె అక్కా. అప్ప పళ్ళెంలో ఏముంటే దాంట్లో మొదటి ముద్ద కుక్కలకు. తమ్ముడప్ప పోయిన కాణ్నుంచి అంతే. పన్నెండున్నరకు అమ్మ పళ్ళెం నా చేతికిస్తాది, నేను పెడతా. పావుగంట చూస్తా. బాగుండాయప్పా అని నేను కేకేస్తేనే అప్ప చెయ్యి కడుగుతాడు. నిన్న అమ్మ ఓళిగలు చేసింది. సంగటి ముద్ద పంచినా, ఓళిగలు తలా ఒకటి వేసినా. పులిగాడైతే తోక ఊపి ఊపి తినె.”

“చుక్కికి?”

“ఎదకొచ్చింది కదక్కా. అప్ప తినే బువ్వ దానికి తాకించకూడదు.”

“తర్వాత?”

“పావుగంటకు బాగుండాయి. అప్ప భోంచేసినాడు. ఒంటిగంట దాటినాక పులిగాడు తాగినోని మాదిరి తూలె. కక్కె. చూస్తాండంగనే రాజాకు ఫిట్సు. సారంగ నా తొడమీద తలపెట్టి...” భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. “బిడ్డల మాదిరి సాకినానక్కా.”

“పెద్దాయన కూడా ఆ ఓళిగలే తిన్నాడు,” అన్నాడు హరినాథ్. “ఒకటి కాదు, రెండు. నిక్షేపంగా ఉండాడు. అందుకే ఆ వంట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఓళిగలో ఏముంటుందమ్మా?”

అదే వనజాక్షికీ కొరుకుడు పడలేదు. మనిషికి ఏమీ కానిది, కుక్కను నలభై నిమిషాల్లో పడగొట్టేది ఏముంటుంది?

“ఆ కాల్షియం డబ్బా ఎందుకు కొన్నావన్నా? అల్లుడుగారు వద్దన్నాడంట కదా?”

“వద్దన్నాడా?” వెంకటరాముడు బిత్తరపోయాడు. “చీటీ రాసిచ్చిందే ఆయన కదక్కా! కుక్కలకు ఎముకలు బలం కావల్లంటే ఇది తెమ్మన్నాడు. చీటీ షాపోడు తీసుకున్నాడు.”

“చెల్లెలి ఊరికి ఏడు ఫోన్లెందుకు?”

“నాకు సదువు రాదు. డబ్బా మీద ఎన్ని చెంచాలని రాసినారో, మాత్ర ముందా బువ్వ ముందా, యేందీ తెలీదు. నా మేనకోడలు కాలేజీలో చదువుతాండాది. ఫోటో తీసి పంపితే చదివి చెప్తాది. ఒక చెంచా ఎక్కువైతే కుక్కకు చెడుపు కదా, అందుకని మాటిమాటికి అడుగుతాంటి.”

వనజాక్షి ముందుకు వంగింది. “గోడమీద చార్టు కూడా ఫోటో తీసినావా?”

“ఉగాది ముందరే పంపినా. ఫోన్లో ఉంటాది.”

ఆమె హరినాథ్ వైపు చేయి చాపింది. “వాని ఫోన్ ఇవ్వండి సార్.”

“అది ఎవిడెన్సు.”

“ఏ స్టేషన్ ఎవిడెన్సు? మీరు దిగిపోయి ఐదేండ్లాయె. ఒంటిగంటకు బయట కూచున్న ఆ నలుగురూ ఈ మనిషిని ఏం చేస్తారో మీకు తెల్సు. తర్వాత నిజం తేలితే ముద్దాయిల వరసలో మొదట నిలబడేది మీరే. నేను సాక్షిగా వస్తా. పిలవకపోయినా వస్తా.”

హరినాథ్ జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టకుండా బస్తామీదికి విసిరాడు.

బయటికి వచ్చి ఇంటి వెనక నీడన నిలబడి వెతికితే, ఫోటో దొరకడానికి పావుగంట పట్టింది. అదే గోడ, అదే చార్టు, అదే చేతిరాత. కుడివైపు వరస తొమ్మిదితో ఆగలేదు.

‘10. చక్కెర బదులు వాడే జైలిటాల్. మనిషికి ఏమీ కాదు. కుక్కకు కొంచెమైనా ప్రాణం పోతుంది.’

వనజాక్షి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ఫోన్ హరినాథ్ కళ్ళముందు పెట్టింది. అతను చదివాడు. మొదటిసారిగా అతని నోట్లోంచి వెటకారం రాలేదు.

పన్నెండూ నలభై ఆరు.

వంటింట్లో పొయ్యి వెలగలేదు. భద్రమ్మ చల్లారిన పొయ్యి ముందు పీటమీద కూచుని ఉంది.

“పెద్దమ్మా, నిన్నటి ఓళిగల్లో తీపి ఏం వేసినారు? బెల్లమా?”

“బెల్లం యాడిదమ్మా? ఆయనకు షుగరు కదా, తొమ్మిదేండ్లయింది తీపి ముట్టి. అల్లుడే తెచ్చిచ్చినాడు పొడి. షుగరోళ్ళు తినొచ్చంట. ‘మామకు ఓళిగలు చేసి పెట్టత్తా, పాపం ఎన్నేండ్లయిందో’ అన్నాడు. ఎంత ఆపేక్షో చూడు.” పైఅరలోంచి పొట్లం తీసి ఇచ్చింది. పొట్లం వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క సరుకు పేరు. జైలిటాల్.

హరినాథ్ ఆమె భుజం మీదుగా చూశాడు. “కుక్కలను చంపాలనుకున్నోడు ఇంత తిరుగుడు ఎందుకమ్మా? పరాయి చేయి ముట్టవు కాబట్టా?”

“అదొకటి. కానీ గోడ దూకి వచ్చేవానికి నాలుగు కుక్కలూ అడ్డమే సార్. నాలుగో దాన్ని వదిలేసినాడు. ఎందుకు?” ఆమె తనకు తానే చెప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించింది. “చుక్కి పెద్దాయన బువ్వ రుచి చూడదు కాబట్టి. వానికి కాపలాతో పనిలేదు సార్. మొదటి ముద్ద తినే నోళ్ళు మూడూ మూతపడల్ల, అంతే.”

అంటూనే చల్లారిన పొయ్యి వైపు చూసింది.

“పెద్దమ్మా! ఈ పొద్దు వంట చేయలేదా?”

“చేయొద్దన్నాడు.” భద్రమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఈ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టనన్నాడు. నలభై రెండేండ్లు వండిపెట్టిన చెయ్యి ఇది. నమ్మలేదు. మా బిడ్డ మౌనిక వండి పంపిందని అల్లుడు క్యారియరు తెచ్చినాడు పొద్దున. కాకరకాయ కూర, సంగటి. బిడ్డ చేతిదైతేనే తింటానని...”

వనజాక్షి మిగతా మాట వినలేదు. పరుగెత్తింది.

భోజనాల గదికి లోపలి గడియ. నరసింహప్ప ఎప్పుడూ తలుపు వేసుకునే తింటాడు. కిటికీ ఊచల్లోంచి చూస్తే పళ్ళెం ముందు కూచుని ఉన్నాడు. కుడిచేతిలో సంగటి ముద్ద, కూరలో అద్దుతున్నాడు.

“అప్పా! తినొద్దు! చెయ్యి దించండి!”

అతను తలెత్తి చూశాడు. తినేటప్పుడు అరిచే మనిషి మీద విసుగు తప్ప ఆ ముఖంలో ఇంకేమీ లేదు. ముద్ద నోటివైపు లేచింది.

హరినాథ్ రెండడుగులు వెనక్కి వేసి భుజంతో తలుపును గుద్దాడు. ఒకసారి. రెండోసారి గడియ మేకులతో సహా ఊడి లోపల పడింది. వనజాక్షి ఆ ఊపులోనే వెళ్ళి నరసింహప్ప మణికట్టు పట్టుకుని ముద్ద రాల్చి, కాలితో పళ్ళేన్ని గోడకేసి తన్నింది.

“బువ్వను తన్నినావా!” వెనక నుంచి భద్రమ్మ కేక వేసింది.

“ఒక్క ముద్దయినా మింగినారా అప్పా? చెప్పండి!”

“మింగనిచ్చినావా?” నరసింహప్ప లేచి నిలబడ్డాడు. కోపంతో మెడ నరాలు పొంగాయి. “ఏమనుకుంటాండావు నన్ను? చూడకుండా తినేటంత వెర్రోడినా? పన్నెండున్నరకే మొదటి ముద్ద పంపించినా. పావుగంట చూసినా. బాగుండాడని కబురొచ్చినాకే చెయ్యి కడిగినా.”

“బాగుండాడనా?” అంది వనజాక్షి. పన్నెండున్నరకు తను కొట్టుగదిలోంచి బయటికి వచ్చి ఫోటో కోసం నీడన నిలబడి ఉంది. “కుక్కలు లేవు కదప్పా. ఎవరు తిన్నారు?”

“వెంకటరాముడు.” నరసింహప్ప ఏ తడబాటూ లేకుండా చెప్పాడు. “నన్ను చంపల్లని చూసినోడు నా బువ్వ రుచి చూస్తే తప్పేముండాది?”

“వాడు చూడలేదప్పా! వాడు కాదు! నిన్న మీ కుక్కలు పావుగంటకు బాగానే ఉండె. నలభై నిమిషాలకు పడిపోయె. మీ పావుగంట సంగతి ఎరిగినోడే ఇదంతా చేసినాడు!”

కొట్టుగది ముందు కాపలా ఉన్న తమ్ముడి కొడుకు నిలువుగుడ్లు వేసుకుని చూశాడు. “పది నిమిషాల నుంచి తలుపు తన్నతాండాడు పెద్దనాయనా. అరిస్తే అరిచినాళ్ళే అని...”

తలుపు తీశారు. వెంకటరాముడు గడపకు అడ్డంగా పడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. కాళ్ళతో తన్ని తన్ని మడమలు పగిలాయి. వనజాక్షి అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

“అన్నా! నన్ను చూడు. ఎట్లుండాది?”

“నాలిక మొద్దుబారిందక్కా... పెదాలు తెలీడంలా... గుండెకాయ ఎగిరెగిరి పడతాండాది.” అతని చూపు ఆమెను దాటి గుమ్మం దగ్గర ఆగిపోయిన నరసింహప్ప కోసం వెతికింది, దొరకలేదు. “అప్ప తిన్నాడా?”

“లేదు. తినలేదు.”

“తిననీయొద్దు,” అన్నాడు వెంకటరాముడు. కళ్ళు మూతపడ్డాయి.

నరసింహప్ప గోడ పట్టుకున్నాడు. పదకొండేళ్ళుగా ఎవరికీ బెదరని ఆ ముఖం పాలిపోయింది. తర్వాత అతను అరిచిన అరుపుకు వసారాలో ఉన్నవాళ్ళందరూ లేచారు.

“జీపు తీయండ్రా! గేటు తీయండి! కదిరికి పోవల్ల, బిరీన!”

నలుగురూ కలిసి వెంకటరాముణ్ణి జీపు వెనక సీట్లో పడుకోబెట్టారు. ఇంజన్ మోగింది. హరినాథ్ గేటు దగ్గరికి పరుగెత్తి జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి బయటికి రాలేదు.

“ఏమైంది సార్?”

“నువ్వు ఫోటో వెతుకుతాంటే తాళంచెవి అల్లుడికిచ్చినా.” ఆ మాజీ సీఐ గొంతు అంత చిన్నగా ఉండటం వనజాక్షి ఎన్నడూ వినలేదు. “మౌనికమ్మను పిలుచుకొస్తానన్నాడు. ఇంటిమనిషి కదా అని... బయటినుంచి తాళం వేసుకుని పోయినాడు.”

“రెండో తాళంచెవి?”

“లేదు,” అన్నాడు నరసింహప్ప. “నేనే బావిలో పారేసినా. ఎవుర్నీ నమ్మలేక.”

జీపుతో గుద్దితే గేటు కదలదు. అట్లా కదలకూడదనే కట్టించారు. గోడ మీదుగా మనిషిని దించాలంటే నిచ్చెనలు, మంచం, తాళ్ళు కావాలి. కుర్రాళ్ళు వాటికోసం పెరట్లోకి పరుగెత్తారు. భద్రమ్మ అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. నలభై నిమిషాలంటున్నారు. జీపులో వెంకటరాముడి ఊపిరి గురగురమంటోంది.

వనజాక్షికి మిగిలింది ఒకే ఒక్క దారి. రాఘవేంద్రను రప్పించాలి. మామ చచ్చిపోతున్నాడని నమ్మితే వస్తాడు, ఏడ్చే అల్లుడిగా పదిమందికి కనపడటానికైనా వస్తాడు. అందరినీ నోరెత్తొద్దని సైగ చేసి, హరినాథ్ చూపించిన నంబరు నొక్కింది. మొదటి రింగుకే ఎత్తాడు. “నేను వనజాక్షిని,” అంది.

“ఏమక్కా,” అన్నాడు రాఘవేంద్ర ఆపేక్షగా. “మామ భోంచేసినాడా?”

“భోంచేసినాడు,” అంది వనజాక్షి, గొంతులోకి ఏడుపు తెచ్చుకుంటూ. “పడిపోయినాడు. నురగలు కక్కుతాండాడు. ఆసుపత్రికి తీసకపోవల్ల, తాళంచెవి మీ దగ్గరుండాదంట. బిరీన రాండి!”



“అయ్యో,” అన్నాడతను. “కదిరి దగ్గర ఉండానక్కా. టైరు పంచరైంది. ఎంత లేదన్నా గంట పడుతుంది. మామను జాగ్రత్తగా చూసుకోండి.”

సరిగ్గా అప్పుడు హరినాథ్, ఇంక ఓపిక పట్టలేక, గడ్డపార ఎత్తి గేటు మీద ఒక్క దెబ్బ వేశాడు.

ఆ దెబ్బ వనజాక్షికి రెండుసార్లు వినపడింది. ఒకటి ఎదురుగా ఉన్న గేటు నుంచి. రెండోది చెవికి ఆనించుకున్న ఫోన్‌లోంచి.